ఏ బిళ్ల మంచిది అని అడిగినవాళ్లకి



ఈ పోస్టు పెద్దది. తీరిగ్గా చదవండి. పిల్లల ముందు గట్టిగా చదవకండి, కానీ పెద్దవాళ్లు చదవకుండా వదిలేయకండి. అక్కయ్యలు, చెల్లెళ్లు కూడా చదవొచ్చు. చదవాలనే నా కోరిక.

గడిచిన ఆరు నెలల్లో మన సంఘంలోవాళ్లే నలుగురు నన్ను విడివిడిగా పక్కకి పిలిచి ఒకటే ప్రశ్న అడిగారు. "ఏమండీ, మగవాళ్లకి వచ్చే ఆ బిళ్లల్లో ఏది మంచిది?" ఒకాయన నాకంటే పదేళ్లు పెద్ద. ఒకబ్బాయికి ఇంకా నలభై నిండలేదు. నేను డాక్టర్ని కాను, రైల్వేలో గుమాస్తాగా రిటైరయినవాణ్ణి. హెల్త్ క్యాంపు పెట్టినప్పుడల్లా పేర్లు రాసుకునేది నేనే కాబట్టి నాకేదో తెలుసునని వాళ్ల నమ్మకం. నలుగురికీ గుసగుసగా నాలుగు రకాలుగా చెప్పేకంటే ఒకసారి వివరంగా రాయడం మేలనిపించింది. నా తెలుగులో అరవ వాసన ఉంటుందని మీకందరికీ తెలిసిందే. నాన్నగారి ఉద్యోగం వల్ల అరక్కోణంలో తమిళ మీడియంలో చదివాను, తెలుగు అక్షరాలు తరవాత నేర్చుకున్నాను. అర్థమైతే చాలు.

ముందు ఒక మాట. ఈ జబ్బుకి మన భాషల్లో మర్యాదైన పేరు లేదు. తమిళంలో "ఆణ్మై కురైవు" అంటారు, అంటే మగతనం తక్కువ అని. తెలుగులో "నపుంసకత్వం" అని పెద్ద మాట ఒకటి ఉంది, అది విన్నవాడు డాక్టరు దగ్గరికి కాదు, నూతిలోకి వెళ్లాలనుకుంటాడు. పత్రికల్లో "అంగస్తంభన సమస్య" అని రాస్తారు, ఆ మాట నోటితో అన్నవాణ్ణి నేను చూడలేదు. పేరు లేని జబ్బుకి మందు ఎవరు అమ్ముతారు? గోడలు అమ్ముతాయి. హౌరా నుంచి మద్రాసు దాకా మన లైన్లో కిటికీ పక్కన కూర్చుంటే చాలు. ఊరు దగ్గర పడుతోందనడానికి ముందు గుర్తు ఔటర్ సిగ్నల్ కాదు, గోడ మీద ఆ ప్రకటన. ఫలానా లాడ్జిలో, ఫలానా వారం, రహస్యంగా చికిత్స అని రాసుంటుంది. నా చిన్నప్పుడు తమిళంలో చదివాను, ఉద్యోగంలో చేరాక తెలుగులో, ఒడియాలో, హిందీలో చదివాను. మాట మాత్రం ఒకటే.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఇదంతా పక్కింటి కథలా ఉంటుంది. నాకు షుగరు ఉంది, బీపీ ఉంది. యాభై ఏడో ఏట ఈ ఇబ్బంది మొదలైంది. కొన్నాళ్లు ఇద్దరం ఏమీ అనుకోలేదు. తరవాత మా ఆవిడే అంది: "కాళ్లకి తిమ్మిరి వస్తే డాక్టరుకి చెప్పారు కదా, ఇదీ చెప్పండి. ఒంట్లోదే కదా ఇదీనూ." చెప్పాను. ఆ డాక్టరు వెంటనే చీటీ రాయలేదు. ముందు నా మందుల పెట్టె మొత్తం తెమ్మన్నాడు. రక్తపరీక్షలు, ఈసీజీ చేయించాడు. రెండంతస్తుల మెట్లు ఆయాసం, గుండెలో నొప్పి లేకుండా ఎక్కగలవా అని అడిగాడు. మన స్టేషన్ వంతెన రోజూ ఎక్కి దిగినవాణ్ణి, ఎక్కగలనని చెప్పాను. అప్పుడు కలం తీశాడు.

ఆ పరీక్షలన్నీ ఎందుకని అడిగితే ఆయన చెప్పింది ఇది. ఆ భాగానికి రక్తం తీసుకెళ్లే నాళాలు సుమారు ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పువి. గుండె నాళాలు మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటాయి. కొవ్వు పేరుకోవడం ఒంట్లో అన్నిచోట్లా జరుగుతుంది, కానీ సన్నటి గొట్టం ముందు మూసుకుంటుంది. అందువల్ల చాలామందిలో గుండెపోటుకి రెండు నుంచి అయిదేళ్ల ముందే ఈ ఇబ్బంది కనిపిస్తుంది. నలభై ఏళ్ల కుర్రాడికి ఇలా అయితే అది సిగ్గుపడే సంగతి కాదు, తొందరపడే సంగతి. బిళ్ల కొని ఊరుకుంటే ఆ హెచ్చరికని చెత్తబుట్టలో వేసినట్టే.

ఇక బిళ్లల సంగతి.

మొదట వచ్చింది సిల్డెనాఫిల్. ఇంగ్లండులో కెంట్ జిల్లాలో శాండ్‌విచ్ అనే ఊళ్లో ఫైజర్ కంపెనీ ప్రయోగశాల ఉండేది. అక్కడివాళ్లు ఆంజైనా అనే గుండెనొప్పికి మందు వెతుకుతూ దీన్ని తయారుచేశారు. గుండెకి పెద్దగా పనికిరాలేదు, కానీ పరీక్షల్లో మగవాళ్లకి వేరే చోట ప్రభావం కనిపించింది. 1998 మార్చి 27న అమెరికాలో వయాగ్రా అన్న పేరుతో అనుమతి వచ్చింది. అదే ఏడాది వైద్యంలో నోబెల్ బహుమతి ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అనే ముగ్గురికి వచ్చింది. రక్తనాళాలు సడలడానికి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు మన ఒంట్లో సంకేతంగా పనిచేస్తుందని కనిపెట్టినవాళ్లు వీళ్లు. ఈ బిళ్ల పనిచేసేది కూడా ఆ దారిలోనే.

మనసులో కోరిక కలిగినప్పుడు నరాలు నైట్రిక్ ఆక్సైడ్ వదులుతాయి. దానివల్ల సీజీఎంపీ అనే పదార్థం పుట్టి, నాళాలు సడలి, రక్తం నిండుతుంది. ఆ సీజీఎంపీని విరగ్గొట్టడానికి పీడీఈ-5 అనే ఎంజైము ఉంటుంది. ఈ బిళ్లలన్నీ ఆ ఎంజైముని కాసేపు ఆపుతాయి. అంతే. కోరికని పుట్టించవు, వయసుని తగ్గించవు, వీర్యాన్ని పెంచవు. కోరిక లేకుండా బిళ్ల వేసుకుని టీవీ చూస్తూ కూర్చుంటే ఏమీ జరగదు. ఈ ఒక్క ముక్క తెలియక "నాకు పనిచెయ్యలేదండీ" అన్నవాళ్లున్నారు.

ఇప్పుడు ఒక్కోదాని టైంటేబుల్ చెప్తాను. నాకు తెలిసిన భాష అదే.

సిల్డెనాఫిల్ వేసుకున్న అరగంట నుంచి గంటలో పనిచేయడం మొదలుపెడుతుంది, నాలుగైదు గంటలు ఉంటుంది. 25, 50, 100 మిల్లీగ్రాముల్లో దొరుకుతుంది. అరవై అయిదు దాటినవాళ్లకి, కాలేయం, మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవాళ్లకి డాక్టర్లు సాధారణంగా 25తో మొదలుపెడతారు. ఇరవై నాలుగు గంటల్లో ఒక్కసారికి మించి వేసుకోకూడదు. నూనె, కొవ్వు ఎక్కువున్న భోజనం చేస్తే ఇంకో గంట ఆలస్యమవుతుంది. అంటే పెళ్లి భోజనంలో మాంసం, పైన నాలుగు బరంపురం అప్పడాలు లాగించి ఇది వేసుకుంటే బండి లేటు. తలనొప్పి, ముఖం వేడెక్కడం, ముక్కు దిబ్బడ, కడుపులో మంట రావచ్చు. కొంతమందికి కాసేపు చూపులో నీలిరంగు కనిపిస్తుంది, ఎందుకంటే కంట్లో పీడీఈ-6 అనే దగ్గర చుట్టాన్ని కూడా ఇది కొంచెం తాకుతుంది.

టాడలాఫిల్‌కి అమెరికాలో అనుమతి వచ్చింది 2003లో, సియాలిస్ అన్న పేరుతో. అరగంట నుంచి రెండు గంటల్లో మొదలవుతుంది, ముప్ఫై ఆరు గంటల దాకా ఉంటుంది. అంతసేపూ ఏదో జరుగుతూనే ఉంటుందని భయపడకండి. ప్లాట్‌ఫారం మీద బండి ఆగి ఉన్నట్టు, ఎక్కేవాడు ఎక్కితేనే కదులుతుంది. తిండితో సంబంధం లేదు. అవసరానికి వేసుకునేవి 10, 20 మిల్లీగ్రాములు, రోజూ వేసుకునేవి 2.5 లేదా 5. ప్రోస్టేటు పెరిగి రాత్రిపూట నాలుగుసార్లు లేచేవాళ్లకి కూడా రోజూ 5 మిల్లీగ్రాములది 2011 నుంచి ఆమోదించిన మందే. మన వయసువాళ్లలో ఈ రెండు బాధలూ కలిసే వస్తాయి కాబట్టి ఈ సంగతి డాక్టరుని అడగదగ్గది. దీని ఇబ్బంది నడుంనొప్పి, తొడల్లో కండరాల నొప్పి, తలనొప్పి.

వార్డెనాఫిల్ కూడా 2003లోనే లెవిట్రా అన్న పేరుతో వచ్చింది. టైము, తిండి విషయంలో సిల్డెనాఫిల్‌కి తమ్ముడి లాంటిది. మోతాదు 5, 10, 20 మిల్లీగ్రాములు. గుండె లయలో క్యూటీ అనే తేడా ఉన్నవాళ్లు దీనికి దూరంగా ఉండాలి. ఇక అవానాఫిల్ 2012లో స్టెండ్రా పేరుతో వచ్చింది. పావుగంట, అరగంటలోనే మొదలవుతుంది, ఆరు గంటల దాకా ఉంటుంది. ఈ రెండూ మన ఊరి షాపుల్లో నాకు తక్కువగా కనిపించాయి.

పనితనంలో నాలుగింటికీ పెద్ద తేడా లేదు. తేడా అంతా గడియారంలో, తిండిలో, చిన్నచిన్న ఇబ్బందుల్లో ఉంది. షుగరు ఉన్నవాళ్లకి ఏదైనా కాస్త తక్కువే పనిచేస్తుంది. ఒకసారి వేసుకుని పనిచెయ్యలేదని షీటు పారేయకండి, అలాగని రెండు కలిపీ మింగకండి. సరైన మోతాదులో, సరైన పద్ధతిలో ఆరేడుసార్లు చూశాకే డాక్టర్లు మార్చే సంగతి ఆలోచిస్తారు.

నాకు ముందు సిల్డెనాఫిల్ రాశారు. పనిచేసింది, కానీ తలనొప్పి వచ్చేది. పైగా గడియారం చూసుకుంటూ కూర్చోవడం మా ఇద్దరికీ నచ్చలేదు. "ఇదేమిటి, చార్టు వేసుకుని కూర్చున్నట్టుంది" అని మా ఆవిడ నవ్వింది. తరవాత డాక్టరు టాడలాఫిల్‌కి మార్చారు. నడుం కొంచెం పట్టేస్తుంది, కానీ గడియారం గొడవ పోయింది. ఇది నా ఒంటి సంగతి. మా స్నేహితుడొకాయనకి ముప్ఫై ఆరు గంటలు ఒంట్లో మందు ఉండటమే ఇష్టం లేదు, ఆయన సిల్డెనాఫిల్‌తోనే సుఖంగా ఉన్నాడు. ఇద్దరిదీ సరైనదే.

షీటు చదవడం నేర్చుకోండి. పైన పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు, కింద చిన్న అక్షరాల్లో ఉండేది అసలు మందు. కావెర్టా, పెనెగ్రా, సుహాగ్రా, మ్యాన్‌ఫోర్స్ బిళ్లలు, ఇవన్నీ సిల్డెనాఫిలే. మెగాలిస్, టాడాసిప్ టాడలాఫిల్. మన దేశంలో ఇన్ని పేర్లు ఎందుకున్నాయంటే, 1970 నాటి పేటెంటు చట్టం మందుని కాక, తయారుచేసే పద్ధతిని మాత్రమే కాపాడేది. 2005లో చట్టం మారేలోపు మన కంపెనీలు తమ పద్ధతిలో తయారుచేసి చవగ్గా అమ్మాయి. మంచిదే. కానీ పేర్లు వేరైతే మందులు వేరనుకుని, "నిన్నటిది పనిచెయ్యలేదు, ఇవాళ ఇంకోటి" అని ఒకే మందుని రెండుసార్లు మింగినవాళ్లు ఉన్నారు. చిన్న అక్షరాలు కనిపించకపోతే కళ్లజోడు పెట్టుకోండి.

ఇప్పుడు అసలు విషయం. నలుగురూ అడిగింది ఏ బిళ్ల మంచిదని. నేను తిరిగి అడిగింది, మీ పెట్టెలో ఇంకా ఏ బిళ్లలున్నాయని. నలుగురిలో ఇద్దరి దగ్గర చూడకూడనిది చూశాను.

ఒకాయన జేబులో నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ ఉంది. గుండెనొప్పి వస్తే పెట్టుకోమని ఇచ్చింది. దాని అసలు పేరు ఐసోసార్బైడ్ డైనైట్రేట్. ఇది, మోనోనైట్రేట్, నైట్రోగ్లిజరిన్, ఇవన్నీ నైట్రేట్ల జాతి. ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్‌ని పెంచి నాళాలని సడలిస్తాయి. పైన చెప్పిన నాలుగు బిళ్లలూ అదే దారిలో రెండో చివర నుంచి సడలిస్తాయి. రెండూ కలిస్తే బీపీ ఒక్కసారిగా పాతాళానికి పడిపోతుంది, మనిషి పోవచ్చు. ఇది "జాగ్రత్తగా వాడండి" అనే రకం కాదు, కలపకూడదు అంతే. సిల్డెనాఫిల్ వేసుకుంటే కనీసం ఇరవై నాలుగు గంటలు, టాడలాఫిల్ వేసుకుంటే కనీసం నలభై ఎనిమిది గంటలు నైట్రేటు దగ్గరికి రాకూడదు. శనివారం రాత్రి వేసుకున్న టాడలాఫిల్ ఆదివారం సాయంత్రానికి ఒంట్లో ఉంటుంది. మర్చిపోయేది మనమే.

ఇంకొకాయన ప్రోస్టేటుకి టామ్సులోసిన్ వాడుతున్నాడు. ప్రాజోసిన్ లాంటి బీపీ మందులు కూడా ఈ జాతివే. ఇవి వాడేవాళ్లు ఆ బిళ్లలు అసలు వాడకూడదని కాదు. ముందు ఆ మందు ఒంటికి కుదురుకున్నాక, తక్కువ మోతాదుతో, డాక్టరు చెప్పినట్టు మొదలుపెట్టాలి. లేకపోతే రాత్రి మంచం దిగగానే కళ్లు తిరిగి పడతారు. ఫంగసుకి ఇచ్చే కీటోకోనజోల్, కొన్ని యాంటీబయాటిక్‌లు, హెచ్ఐవీ మందుల్లో రిటోనావిర్ కూడా ఈ బిళ్లల్ని ఒంట్లో మామూలుకంటే ఎక్కువసేపు, ఎక్కువ మోతాదులో నిలబెడతాయి. మద్యం ఎక్కువైతే బీపీ ఇంకా పడుతుంది.

మన సమస్య ఎక్కడుందంటే, గుండె మందులు ఒకచోట నుంచి వస్తాయి. రిటైర్డ్ ఉద్యోగులకి డిస్పెన్సరీలో నెలనెలా పుస్తకంలో రాసి ఇస్తారు. ఈ బిళ్ల ఇంకోచోట నుంచి, మనల్ని ఎరగని వీధిలో, చీకటి పడ్డాక వస్తుంది. ఆ రెండు చోట్లకీ ఒకదాని సంగతి ఒకదానికి తెలియదు. స్టేషన్లో అయితే ఇంటర్‌లాకింగ్ ఉంటుంది. ఒక దారికి సిగ్నల్ ఇస్తే దానికి అడ్డొచ్చే దారి లివర్ లాగినా కదలదు. మన ఒంటికి ఆ ఏర్పాటు లేదు. ఆ రెంటి సంగతీ తెలిసినవాడు ఒక్కడే, బిళ్ల మింగినవాడు. వాడు నోరు మూసుకుంటే అడ్డుకునేవాడు లేడు.

రెండేళ్ల కిందట నాకు దగ్గరి మనిషికి ఛాతీలో నొప్పి వచ్చి రాత్రిపూట ఆసుపత్రికి తీసుకెళ్లారు. కొడుకు, కోడలు, అల్లుడు, అందరూ మంచం చుట్టూ ఉన్నారు. డ్యూటీ డాక్టరు నాలుక కింద బిళ్ల పెట్టబోతుంటే ఆయన చెయ్యి పట్టుకుని, అందరి ముందూ, "బాబూ, నిన్న రాత్రి టాడలాఫిల్ వేసుకున్నాను" అన్నాడు. డాక్టరు ఆ బిళ్ల పక్కన పెట్టి వేరే మందులు ఇచ్చాడు. ఆయన ఇవాళ బాగున్నాడు. కొడుకు మొదట్లో రెండు రోజులు తండ్రి మొహం చూడలేకపోయాడట, మూడో రోజు నుంచి మామూలే. ఆయన ధైర్యం గురించి నేను చాలాసార్లు తలుచుకుంటాను. అంతమంది ముందు ఆ ఒక్క వాక్యం అనడం చిన్న పని కాదు. మీలో ఎవరికైనా ఆ అవసరం వస్తే ఆ వాక్యం అనేయండి. సిగ్గు రెండు రోజులు ఉంటుంది.

గంజాం జిల్లాకి ఈ సిగ్గు ఖరీదు తెలుసు. ఇక్కడి నుంచి ఎన్ని వేలమంది కుర్రాళ్లు సూరత్ మరమగ్గాలకి వెళ్లారో మనకి తెలుసు. హెచ్ఐవీ వచ్చినప్పుడు ఒడిశాలో ఎక్కువ దెబ్బతిన్న జిల్లాల్లో మనదొకటి. చాలా ఇళ్లల్లో జబ్బు కంటే ముందు మౌనం వచ్చింది, భర్త చెప్పలేదు, భార్య అడగలేదు. ఇప్పుడు ఎమ్‌కేసీజీలో మందులిచ్చే కేంద్రం ఉంది, జనం వెళ్తున్నారు, బతుకుతున్నారు. ఆ మాటే నోటితో అనడం నేర్చుకున్న జిల్లాకి, ఈ చిన్న మాట అనడం కష్టం కాకూడదు.

"మేం ఇంగ్లీషు మందులు వాడం, లేహ్యం వాడతాం" అనేవాళ్లకి ఒక మాట. మూలికల మందు అని అమ్మే పొడుల్లో, గుళికల్లో సిల్డెనాఫిల్ రహస్యంగా కలిపి అమ్ముతున్నట్టు చాలా దేశాల్లో పరీక్షల్లో దొరికింది. అమెరికా మందుల శాఖ అలాంటివాటి మీద ఏటా హెచ్చరికలు ఇస్తూనే ఉంది. మంచి వైద్యుడు ఇచ్చే ఆయుర్వేదం గురించి నేననడం లేదు. వేసుకున్న గంటలో "అద్భుతంగా" పనిచేసే పేరులేని పొడి గురించి అంటున్నాను. దాంట్లో ఎంత ఉందో అమ్మినవాడికే తెలియదు. అలాగే షీటు నుంచి ఒక్క బిళ్ల కత్తిరించి కాగితంలో చుట్టి ఇచ్చే షాపు మన ఊళ్లోనూ ఉంది. పేరు ఒక ముక్కలో, గడువు తేదీ ఇంకో ముక్కలో మిగిలిపోతాయి. ఇవి చీటీ మీద ఇవ్వాల్సిన మందులు. చీటీతో వెళ్లండి, షీటు మొత్తం అడగండి, బిల్లు తీసుకోండి.

వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సినవి మూడు. నాలుగు గంటలు దాటినా తగ్గకపోవడం ఒకటి, ఆలస్యం చేస్తే శాశ్వతంగా దెబ్బతింటుంది. ఒక కంటి చూపు లేదా వినికిడి హఠాత్తుగా పోవడం రెండు. ఛాతీ నొప్పి మూడు, అప్పుడు నాలుక కింద ఏమీ పెట్టుకోకుండా వెళ్లి, ఏ బిళ్ల ఎప్పుడు వేసుకున్నారో మొదటి మాటగా చెప్పండి.

అక్కచెల్లెళ్లకి కూడా ఒక మాట. ఈ బిళ్లలు ఇద్దరి సంగతి. ఆయన రహస్యంగా వేసుకుని వస్తే మీకు అది ఇష్టమో కాదో అడిగినవాళ్లే ఉండరు. మన వయసులో ఆడవాళ్లకీ ఒంట్లో మార్పులు ఉంటాయి, వాటికీ వైద్యం ఉంది. ఇద్దరూ కలిసి ఒకసారి డాక్టరు దగ్గర కూర్చోండి. "ఇక చాలు, పక్కన కూర్చుని కాఫీ తాగితే చాలు" అని ఇద్దరూ అనుకుంటే అదీ సుఖమే, దానికి బిళ్ల అక్కర్లేదు.

చివరగా చెయ్యాల్సింది ఇంతే. ఒక కాగితం మీద మీరు వాడే మందులన్నీ, ఏ డాక్టరు రాసినవైనా, చిన్న అక్షరాల పేరుతో రాయండి. షుగరు, బీపీ, కొలెస్టరాల్ పరీక్షలు చేయించుకోండి. పొగాకు, గుట్కా మానండి, ఆ సన్నటి నాళాలకి వాటికంటే శత్రువు లేదు. ఆ కాగితం పట్టుకుని జనరల్ మెడిసిన్ ఓపీకి వెళ్లినా చాలు. డాక్టరు అడగకపోతే మీరే చెప్పండి. ఆ కాగితం ఇంకో కాపీ ఇంట్లో అందరికీ తెలిసేచోట పెట్టండి.

కింద కామెంట్లలో ఎవరూ పేర్లు రాయొద్దు, ఎవరినీ ఆటపట్టించొద్దు. అడగాలంటే ఫోను చెయ్యండి. ఏ బిళ్లో నేను చెప్పను, కాగితం రాయడానికి సాయం చేస్తాను. డాక్టరు దగ్గరికి ఒంటరిగా వెళ్లడానికి మొహమాటమైతే తోడు వస్తాను. మంగళవారం, గురువారం పొద్దున్న నాకు ఖాళీ.